ఏడంతస్తులాయన చేసిన కుట్ర

ఈ లోకంలో ఏదీ దానంతటది జరగదు! ప్రతిదాని వెనకా ఒక పెద్ద తలకాయ ఉంటుంది! ఈ పరమసత్యాన్ని బజారు వీధి వర్తక సంఘం ఆ మంగళవారం ఉదయం, టైలరు షాపులో, టీ చల్లారేలోపు ఏకగ్రీవంగా కనిపెట్టింది.

కనిపెట్టక తప్పలేదు మరి. శనివారం పొద్దున నలుగురు మనుషులు లారీలో వచ్చి, వీధి మధ్యనున్న బస్టాపుని కప్పూ, బెంచీ, స్తంభాలతో సహా పీకి పట్టుకుపోయారు. సోమవారానికల్లా అది నాలుగు వీధుల అవతల, ఏడంతస్తుల షాపింగ్ భవనం ముందు తేలింది. ఆ భవనం యజమానిని ఊరంతా ఏడంతస్తులాయన అంటుంది. ఆయనకి మంత్రులు తెలుసు. మంత్రులకి ఆయన ఇంకా బాగా తెలుసు.

"ఇంకేం కావాలయ్యా?" అన్నాడు కళ్ళద్దాల షాపాయన, టేబుల్ మీద చరిచి. "మన నోటి దగ్గర కూడు ఎత్తుకుపోయాడు! నేను ఎప్పణ్ణించో కనిపెడుతూనే ఉన్నాను. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నా దగ్గర కళ్ళజోడు కొన్నాడా? ఎందుక్కొనలేదు? నా కళ్ళలోకి చూసే ధైర్యం లేక!"

"అసలు ఈ వీధికే ఎప్పుడూ రాలేదు కదన్నా ఆయన," అన్నాడు టైలరు.

"అదే చెప్పేది! అప్పణ్ణించే ప్లాను!"

జనం ముక్కున వేలేసుకున్నారు. ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్ళు జోడించారు. పోయినేడు డిస్కౌంట్ల వారంలో వాన కురిపించింది ఆయనే. వీధిలో పావురాలు తగ్గింది ఆయన మేడ మీది యాంటెన్నా వల్లే. కండక్టర్లు ఈమధ్య చిల్లర లేదంటున్నది కూడా ఆయన చెబితేనే!

ఇదంతా ఒక మూల కూర్చుని వింటున్నాడు పెట్టెల వ్యాపారి. ఇరవై ఆరేళ్ళుగా సూట్‌కేసులూ, సంచులూ అమ్ముతున్న మనిషి. మాటనైనా పెట్టెనైనా ఒకేలా చూస్తాడు. పైమెరుపు చూసి ముచ్చటపడడు. చక్రాలు దొర్లించి చూస్తాడు, పిడి లాగి చూస్తాడు, లోపలి గుడ్డ తిరగేసి కుట్టు చూస్తాడు. అన్నీ అయ్యాకే, సరే, ఇది పెట్టే అని ఒప్పుకుంటాడు.

"పెద్దవాళ్ళు కుట్రలు చెయ్యరని నేననను," అన్నాడు గొంతు సవరించుకుని. "చేస్తారు. బాగా చేస్తారు. అయితే ఈ కుట్ర చేశాడనడానికి ఏముంది మన దగ్గర?"

"ఏమీ లేదు! అంత జాగ్రత్తగా చేశాడు!" అన్నాడు కళ్ళద్దాలాయన.

"అలాగైతే నా షాపులో ఏనుగుంది. మీకెవరికీ కనపడలేదంటే ఎంత జాగ్రత్తగా దాచానో చూడండి!"

అందరూ నవ్వారు. కళ్ళద్దాలాయన నవ్వలేదు. ఆదివారం సంఘం అధ్యక్షుడి ఎన్నిక. పోటీలో ఉన్నది వీళ్ళిద్దరే. ఒక్క నవ్వు అంటే నాలుగు ఓట్లని ఇద్దరికీ తెలుసు.

అయితే పెట్టెలాయనకి ఓట్లకన్నా ముందు ప్రాణం మీదికొచ్చిన సంగతి వేరే ఉంది. మిగతావాళ్ళ బేరాలు సగమే పోయాయి. అతని బేరం మొత్తం బస్సు దిగేవాళ్ళదే. ప్రయాణంలో పిడి ఊడినవాడు, చక్రం విరిగినవాడు, ఊరికి వెళ్ళబోతూ సంచి చాలదని గుర్తొచ్చినవాడు! నిన్న సాయంత్రం షాపు షట్టరు దించుతుంటే భార్య అంది కూడా. "రోజంతా కూర్చుంటే ఒక్క మనిషి వచ్చాడండీ. అతనూ బస్టాపు ఎక్కడికి మార్చారని అడగడానికే వచ్చాడు. ఇలా మూడు నెలలు పోతే ఆ పెట్టెల్లో మన బట్టలు సర్దుకోవడమే."

అందుకే అన్నాడు, "ఇక్కడ కూర్చుని ఊహలు అల్లితే స్టాపు తిరిగి రాదు. ఎవరు మార్చమన్నారో, ఎందుకు మార్చారో ఫైల్లో ఉంటుంది. పదండి, రవాణా ఆఫీసుకి పోయి ఫైలే అడుగుదాం."

వీధి అతని తెలివికి అబ్బురపడింది. మధ్యాహ్నం రెండింటికి పెట్టెలాయన, కళ్ళద్దాలాయన, టైలరు ముగ్గురూ ఆఫీసులో మేడంగారి ముందు నిలబడ్డారు. ఆవిడ ఫైలు తీసి, దుమ్ము దులిపి, కాగితం తిప్పి వాళ్ళ వైపు పెట్టింది.

"ఏడంతస్తులాయన రాసిన ఉత్తరం ఉందా ఇందులో?" అన్నాడు కళ్ళద్దాలాయన, ఆవురావురుమంటూ.

"ఒకటి కాదు, రెండున్నాయి."

"చూశారా!"

"తన భవనం ముందు స్టాపు పెట్టొద్దని. కార్లు లోపలికి పోయే దారికి బస్సులు అడ్డమట. రెండూ కొట్టేశాం. అంత వెడల్పు రోడ్డు ఇంకెక్కడా లేదు."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మరి మార్చమన్నది ఎవరండీ?" అన్నాడు టైలరు.

"మీరే! 'ప్రయాణికులు మా షాపుల మెట్ల మీద, అమ్మకానికి పెట్టిన పెట్టెల మీద కూర్చుంటున్నారు గనక బస్టాపును తక్షణం వేరేచోటికి మార్చవలెను.' బజారు వీధి వర్తక సంఘం తీర్మానం. కింద నలభై ఒక్క సంతకాలు."

పెట్టెలాయన చెవులు వేడెక్కాయి. మొన్న వేసవిలో ఒక లావుపాటి ప్రయాణికుడు కూర్చుని గులాబీరంగు సూట్‌కేసుకి సొట్ట పెట్టిన రోజు, సంఘం మీటింగులో తను లేచి, "ఈ బస్టాపు పీడ ఎప్పుడు వదులుతుందో!" అని అరిచిన మాట నిజమే. సంఘం గుమాస్తా అమ్మాయి మహా శ్రద్ధగల పిల్ల. ఎవరేమన్నా చక్కటి భాషలో తీర్మానం రాసేస్తుంది. రాసి, సంతకాల పుస్తకం పట్టుకుని షాపు షాపుకీ తిరుగుతుంది. ఆ వీధిలో పుస్తకం ఎవరూ చదవరు. అందరి చూపూ మొదటి సంతకం ఎవరిదన్నదాని మీదే! పైన పెట్టినవాడే వీధికి పెద్ద. ఆ స్థానం కోసం పెట్టెలాయనకీ కళ్ళద్దాలాయనకీ పదేళ్ళ పోరు. ఆ రోజు కూడా, "విషయం చదవమంటారా అండీ?" అని ఆ పిల్ల అడుగుతుంటే, "ముందు పెన్నివ్వమ్మా, అవతలాయన వచ్చేస్తున్నాడు!" అని లాక్కుని పెట్టాడు.

పెట్టిన సంతకం ఇప్పుడు పైనే ఉంది, తోక మెలి తిప్పుకుని. దాని కింద కళ్ళద్దాలాయనది, కసికొద్దీ రెండింతల సైజులో.

"ఇందులో కంగారేం లేదు," అంది మేడం. "చదవకుండా పెట్టాం, పొరపాటైంది, స్టాపు మాకు కావాలి అని మొదటి సంతకం చేసినాయన ఒక్కరు రాసిస్తే చాలు. వారంలో మీ వీధికి వచ్చేస్తుంది."

"రాసెయ్యన్నా!" అన్నాడు టైలరు సంబరంగా. "పీడ వదిలిపోతుంది!"

పెట్టెలాయన పెన్ను తీశాడు. ఇంతలో కళ్ళద్దాలాయన అతని చెవి దగ్గరికి వంగాడు. "రాయండి, రాయండి. ఆదివారం సంఘంలో ఆ కాగితం నేనే చదివి వినిపిస్తాను. 'చదవకుండా సంతకం పెట్టే మన కాబోయే అధ్యక్షులవారు' అని."

"రెండో సంతకం తమరిదేగా?"

"మొదటి సంతకం పెట్టిన పెద్దమనిషిని నమ్మి పెట్టాను. నాది అమాయకత్వం కిందికొస్తుంది!"

పెట్టెలాయన మనసులో లెక్క వేసుకున్నాడు. ఒకపక్క బస్టాపు, బేరం, రోజంతా ఖాళీగా కూర్చునే భార్య. ఇంకోపక్క వీధి వీధంతా పళ్ళికిలిస్తుంటే తలొంచుకుని నడవాల్సిన నాలుగడుగులు. ఇరవై ఆరేళ్ళలో లెక్క తప్పని మనిషి. ఇప్పుడూ తప్పలేదనే అనుకున్నాడు.

"మేడం," అన్నాడు, నిటారుగా నిలబడి. "ఈ సంతకం నాది కాదు."

"నాదీ కాదు!" అన్నాడు కళ్ళద్దాలాయన వెంటనే, కొండంత భారం దిగినట్టు.

టైలరు నోరు తెరిచాడు. ఇద్దరూ చెరో కాలూ తొక్కేసరికి మూసుకున్నాడు.

"కాదంటే విచారణ వెయ్యాలండీ," అంది మేడం నెమ్మదిగా. "మూడేళ్ళు పడుతుంది. అంతవరకు స్టాపు అక్కడే ఉంటుంది. ఆలోచించుకోండి."

"న్యాయం కోసం ఎన్నేళ్ళైనా ఆగుతాం!" అన్నాడు పెట్టెలాయన.

ఆవిడ సొరుగులోంచి ఫారం తీసి ముందు పెట్టింది. "అది మీ సంతకం కాదని ఇక్కడ సంతకం పెట్టండి."

పెట్టెలాయన చరచరా పెట్టేశాడు. ఆవిడ ఫారాన్ని ఫైలు పక్కన పెట్టి, ఒకసారి ఇటు చూసింది, ఒకసారి అటు చూసింది.

"ఎవరు చేశారో గానీ మహా గట్టివాడండీ. తోక మెలిక కూడా వదల్లేదు!"

"మరేమనుకున్నారు మేడం!" అన్నాడు పెట్టెలాయన, గుండె నిండా గాలి పీల్చి. "ఏడంతస్తులాయనంటే సామాన్యుడా!"