అరవయ్యో బెంచీ

"ఇందుమూలముగా యావన్మంది పురజనులకు తెలియజేయునదేమనగా, ప్రజా వికాస ప్రాంగణమునకు ప్రజలు రావలెను. వచ్చి వికసించవలెను. ఇట్లు, పట్టణ శోభాభివృద్ధి బోర్డు."

పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిది ఏప్రిల్లో బెజవాడ వీధుల్లో రిక్షాకు కట్టిన మైకు మూడు రోజుల పాటు ఈ మాటలు చదివింది. ప్రజల్ని ఇంత మర్యాదగా పిలిచిన సంస్థ మరొకటి నేను ఎరగను. ఆ పిలుపు రాసింది నేనే కనక కాస్త గర్వంగానే చెబుతున్నాను. బోర్డు ఆఫీసు వరండాలో, మెట్ల పక్కన స్టూలు వేసుకుని పద్నాలుగేళ్ళుగా అర్జీలు రాస్తున్నాను. ఛైర్మన్ తిరుపతిరావుగారికి మంచి తెలుగు అవసరమైనప్పుడల్లా కిటికీలోంచి "పంతులుగారూ" అని కేకేస్తారు. అంచేత ఆయన గొప్పతనాన్ని దగ్గర్నుంచి చూసే భాగ్యం నాకు కలిగింది.

ప్రాంగణం నా స్టూలుకు ఎదురుగా, రోడ్డుకు అవతల, బందరు కాలవ ఒడ్డున ఉంది. అంతకు రెండేళ్ళ ముందు అది ఖాళీ జాగా. ఖాళీ అని కాగితాల్లో ఉండేది గానీ కాలు పెట్టడానికి సందుండేది కాదు. ఒక మూల బాదంచెట్టు. దాని కింద శౌరమ్మ ఇడ్లీ పొయ్యి, ఒక క్షవరం కుర్చీ, చెప్పులు కుట్టే ఆయన, హనుమాన్ జంక్షన్ బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, ఆ బస్సు వెళ్ళిపోయినా కదలనివాళ్ళు. ఆటోనగర్ పనికి పోయే మెకానిక్కులు పొద్దున్నే అక్కడ ఇడ్లీ తిని, ప్రభుత్వాన్ని తిట్టి, సైకిళ్ళెక్కేవారు.

ఇంత జనం ఉన్న చోట ప్రజలకు సౌకర్యాలు ఎలా కల్పిస్తామా అని తిరుపతిరావుగారు చాలా మథనపడ్డారు. ముందు జనాన్ని ఖాళీ చేయించారు. తర్వాత చెట్టు సంగతి చూశారు. అది ఆకులు రాలుస్తోందని మూడు రిపోర్టులు ఉన్నాయి. దాన్ని కొట్టించి, నీడ కోసం నడిమధ్యన సిమెంటు పుట్టగొడుగు కట్టించారు. దాని నీడ మధ్యాహ్నం పన్నెండింటికి దాని కిందే పడుతుంది, మిగతా వేళల్లో ఎండ ఎటు తోస్తే అటు పోతుంది. నేలంతా గచ్చు చేయించారు. ఫౌంటెను పెట్టించారు. చుట్టూ ఇనప కమ్మీలు, కమ్మీలకు గేటు, గేటుకు తాళం, తాళానికి వాచ్‌మన్ లాజరు, లాజరుకు సందర్శకుల రిజిస్టరు. అన్నీ సిద్ధమయ్యాక జనం రాలేదు. మొదటి నెల రిజిస్టరులో ఒక్క గేదె ఉంది.

అందుకే ఆ మైకు. మైకు విన్నాక కూడా ఎవరూ వికసించకపోయేసరికి ఛైర్మన్‌గారు దిగులుపడ్డారు.

ఆ రోజుల్లోనే శౌరమ్మ మూడో అర్జీ పట్టుకుని ఆయన కారుకు ఎదురెళ్ళింది. ఆమెది కాలవ గట్టు పేట. కతోలికులు. మొగుడు శౌరయ్య నిరుడు నవంబరులో నాగాయలంక దగ్గర అక్కను చూడ్డానికి వెళ్ళి ఉప్పెనలో పోయాడు. మనిషి దొరకలేదు. ఈమె ఇడ్లీలు గంపలో పెట్టుకుని వీధులు తిరుగుతోంది. మోకాళ్ళు సహకరించడం లేదు. ఆ మూల పొయ్యి పెట్టుకోనిస్తే చాలునని మూడు అర్జీల్లోనూ రాశాను.

"అయ్యగారండీ, నా మూల నాకిప్పించండి. గేటు పక్కన ఇంత జాగాలో సర్దుకుంటాను."

"జనమే లేని చోట నీ ఇడ్లీలు ఎవరు కొంటారమ్మా?"

"నేనక్కడుంటేనే గదండీ జనం వచ్చేది."

"దాన్ని ఎన్‌క్రోచ్‌మెంటు అంటారు. ముందు జనాన్ని రానీ. వచ్చిన రోజున నీ అర్జీయే ఫస్టు అర్జీ. పంతులుగారూ, మీరే సాక్షి."

నేను తలూపాను. ఒక సామాన్యురాలికి నడిరోడ్డు మీద హామీ ఇవ్వాలంటే ఎంత పెద్ద మనసుండాలి.

జనం ఎందుకు రావడం లేదో తేల్చడానికి హైదరాబాదు నుంచి డాక్టర్ రామకోటేశ్వరరావుగారు అనే నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన ప్రాంగణంలో మూడు రోజులు గొడుగు వేసుకుని నిలబడ్డారు, రానివాళ్ళు ఎందుకు రావడం లేదో అడగడానికి. అడుగుదామంటే ఎవరూ రాలేదు. అప్పుడు తననే తాను అడిగి తొంభై పేజీల రిపోర్టు ఇచ్చారు. మూడు రోజులు నిలబడి కాళ్ళు లాగడం వల్ల ఆయనకు విషయం స్పష్టంగా బోధపడింది. కూర్చునే వసతి లేదు.

అరవై బెంచీలు కావాలన్నారు. మన డెల్టాలో దాతలకు కొదవ లేదు. కాకపోతే బతికుండగా తన పేరిట బెంచీ ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు. పోయిన తండ్రిదో తల్లిదో పేరు చెక్కిస్తారు. కీ.శే. ఫలానావారి జ్ఞాపకార్థం, జననం, మరణం, కింద కొడుకుల పేర్లు. మ్యాటరంతా నేనే రాశాను. తిరుపతిరావుగారు మొదటి వరసలో తమ నాన్నగారికి ఒకటి వేయించారు. ఏభై తొమ్మిది నిండాయి. గేటు పక్క మూల, మురికి కాలవ వాసన వచ్చే చోట, అరవయ్యోదానికి మాత్రం దాత దొరకలేదు. అది పేరు లేకుండా ఉండిపోయింది. శౌరమ్మ పొయ్యి ఉండేది సరిగ్గా అక్కడే.

టెండరు ఏసుపాదం మేస్త్రీకి వచ్చింది. ఆయన ఇరవయ్యేళ్ళుగా సమాధుల తోటలో రాతిపని చేసినవాడు. చేతిలో పనితనం ఉంది. ఆరడుగుల పలక, తలవైపు నిలువు రాయి, రాతి మీద పేరు. అన్నీ తూర్పు ముఖంగా, తాడు పట్టి కొట్టినట్టు ఆరు వరసలు.

ఇంజనీరు చూసి, "ఇదేం బెంచీ ఏసుపాదం? నడుం వాల్చడానికి అనువుగా లేదే" అన్నాడు.

"ఇరవయ్యేళ్ళ నుంచి చేస్తన్నానండి. ఇంతవరకూ ఒక్కళ్ళు కంప్లైంటు ఇవ్వలేదు" అన్నాడు ఏసుపాదం.

అనుభవానికి విలువిచ్చి ఇంజనీరు బిల్లు పాసు చేశాడు.

బెంచీలు పడ్డాక జనంలో మార్పు వచ్చింది. గేటు దాకా రావడం మొదలుపెట్టారు. వచ్చి, చెప్పులు విడిచి, కమ్మీల బయటి నుంచే దణ్ణం పెట్టుకుని వెళ్ళేవారు. ప్రాంగణం పట్ల ప్రజల్లో భక్తి పెరుగుతోందని ఛైర్మన్‌గారు సంతోషించారు. లోపలికి రావడానికి మాత్రం ఒక మార్గదర్శకుడు కావాలని, రోజూ సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా ఒక గుమాస్తా అక్కడ కూర్చోవాలని ఆర్డరు వేశారు. మొదటి రోజు డ్యూటీ జీవరత్నానికి పడింది.

పాపం, అతను మూడో వరసలో కూర్చుని పత్రిక విప్పాడో లేదో, కాలవ గట్టు మీద రిక్షా ఆగింది. మంగళగిరి చీర, చేతిలో కొబ్బరికాయ, సీతారావమ్మగారు దిగారు. మావగారి పేరిట బెంచీ ఇచ్చిన దాత.

"ఎవరయ్యా నువ్వు? లే. మా మావగారి మీద కాళ్ళు బారజాపుకుని కూచుంటావా?"

"ఆర్డరండీ" అన్నాడు జీవరత్నం.

"ఆ ఆర్డరిచ్చినాయన్ని వాళ్ళ నాన్న మీద కూచోమను."

జీవరత్నం లేచి మొదటి వరసలోకి మారాడు. కూర్చోబోతూ రాతి మీద పేరు చదివాడు. ఛైర్మన్‌గారి నాన్నగారు. ఆరు దాకా నిలబడే డ్యూటీ చేశాడు.

ఆ వారంలోనే దాతలందరూ కలిసి బోర్డుకు వినతిపత్రం ఇచ్చారు. అదీ నేనే రాశాను. దాతల మనోభావాలను గౌరవించి ఛైర్మన్‌గారు గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాయించారు: 'ప్రజల సౌకర్యార్థము ఏర్పరచిన బెంచీలు. కూర్చొనరాదు.'

ఇంతలో అక్టోబరు ఆఖర్లో మంత్రిగారి టూరు ప్రోగ్రాం వచ్చింది. నవంబరు రెండు, సాయంత్రం అయిదింటికి ప్రాంగణం తనిఖీ, ప్రజలతో ముఖాముఖి. ముఖాలు కావాలి. పల్లెల నుంచి లారీల్లో తోలిద్దామంటే ఆ రోజు లారీలన్నీ ఇంకో మంత్రిగారు మాట్లాడేసుకున్నారు. తిరుపతిరావుగారు మళ్ళీ నా చేత పిలుపు రాయించారు. ఈసారి 'రావలెను' తీసేసి 'వచ్చినచో కృతజ్ఞులము' అని పెట్టాం. ఆ రెండో తేదీ లాజరు పొద్దున్నే గేటు బార్లా తీసి పెట్టాడు. పదింటి దాకా ఒక్క మనిషి లేడు. ఛైర్మన్‌గారు కిటికీ దగ్గరకు రావడం, చూడటం, వెళ్ళడం.

పదిన్నరకు శౌరమ్మ వచ్చింది. గంప లేదు. చేతిలో రెండు కొవ్వొత్తులు, ఆకులో కట్టిన బంతిపూలు.

"ఇయ్యాళ సమాధుల పండగ గదండీ పంతులుగారూ. పేటంతా తోటకెళ్తన్నారు. నాకెక్కడికెళ్ళాలో తెలవట్లేదు. ఆయన పడున్న చోటు తెలిస్తే గదా."

నేను కలం తుడుచుకుంటూ కూర్చున్నాను.

"ఆ మూల బెంచీకి పేరు లేదంటగా. ఈ పూటకి ఆయన పేరు రాసి పెడతారా? రేపు నేనే తుడిచేస్తాను."

సుద్దముక్క తీసుకుని ఆమె వెనకే రోడ్డు దాటాను. లాజరు మమ్మల్ని చూసి కాలవ వైపు తిరిగి నిలబడ్డాడు. రాతి మీద 'శౌరయ్య' అని రాశాను.

"పుట్టిన తేదీ?"

"తెలవదండి."

"పోయిన తేదీ?"

"అది అందరికీ తెలుసు గదండీ."

పంతొమ్మిది పదకొండు డెబ్భై ఏడు అని వేశాను. నా దస్తూరీ బాగుంటుందని జిల్లా అంతా అంటారు. ఆ ఒక్క పంక్తీ వంకర పోయింది. ఆమె కొవ్వొత్తి వెలిగించి, పలక మీద పూలు పేర్చి, చేత్తో రాతిని నిమిరింది. నేను సుద్దముక్క జేబులో వేసుకుని అక్కణ్ణుంచి వచ్చేశాను.

ఉప్పెన తర్వాత దివిసీమ నుంచి వచ్చి కాలవ గట్టున గుడిసెలు వేసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో సమాధి ఉన్నవాళ్ళు తక్కువ. మధ్యాహ్నానికి మరో ఇద్దరు వచ్చారు, తర్వాత పది మంది. అప్పుడే కార్తీకం కూడా మొదలైంది. రావమ్మ అనే కూలి మనిషి కొంగు చాటున ప్రమిద తెచ్చింది.

"మా పాపకండీ. ఎక్కడ పెట్టమంటారు?" అని లాజరును అడిగింది.

"ఎక్కడన్నా పెట్టమ్మా. పెద్దాళ్ళు, ఏమనుకోరు" అన్నాడు లాజరు.

ఆమె సీతారావమ్మగారి మావగారి పాదాల వైపు పెట్టుకుంది. అయిదింటికి అరవై బెంచీల మీదా వెలుగు ఉంది. లోపలి జనాన్ని చూసి బయటి జనం, వాళ్ళను చూసి బస్సు దిగిన జనం వచ్చారు. లాజరు రిజిస్టరులో పేజీలు అయిపోయాయి. తిరుపతిరావుగారు మేడ మీద నుంచి చూస్తూ నా చెయ్యి పట్టుకున్నారు.

"వచ్చారండీ పంతులుగారూ. 'కృతజ్ఞులము' అన్న మాట పనిచేసింది."

మంత్రిగారు ఆరున్నరకు వచ్చారు. చీకటి పడింది. గేటు దగ్గర కారు దిగి, అరవై రాళ్ళనూ దీపాలనూ చూసి, బూట్లు విప్పేశారు. రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు. తర్వాత వేదిక ఎక్కి మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా, ఈ రాష్ట్రంలో ఎన్నో శ్మశానాలు చూశాను. ఇంత శుభ్రంగా, ఇంత వరసగా, అన్ని మతాలవారికీ కలిపి ఏర్పాటు చేసిన శ్మశానవాటిక ఇదే మొదటిసారి చూడటం. దీన్ని కట్టించిన ఛైర్మన్ తిరుపతిరావుగారిని నేను ఎంతైనా..."

తిరుపతిరావుగారు నోరు తెరిచారు.

"...అభినందిస్తూ, ఈ ఏడాది ఆదర్శ శ్మశానవాటిక షీల్డు వీరికే ప్రకటిస్తున్నాను."

తిరుపతిరావుగారు నోరు మూసుకుని దండకు మెడ వంచారు. వేదిక దిగాక నన్ను పక్కకు పిలిచి, "వికాసం అంటే అన్ని రకాలూ వస్తాయి కదండీ?" అని అడిగారు.

"వస్తాయండీ" అన్నాను.

ఆ షీల్డు ఇప్పటికీ ఆయన టేబులు మీద ఉంది. ఆ నెల మీటింగులోనే బోర్డు రికార్డుల్లో ప్రాంగణం పేరు మార్చారు. జనాన్ని ఎలా రప్పించాలి అన్న ఫైలు కూడా మూసేశారు. చివరకు అందరూ రావలసిన చోటే కనక ఆ సమస్య తీరిపోయిందని నోట్ రాశారు.

జనం వచ్చారు కాబట్టి నేను శౌరమ్మ నాలుగో అర్జీ రాశాను. హామీ తేదీ, స్థలం, సాక్షిగా నా పేరు, అన్నీ పొందుపరిచాను. ఛైర్మన్‌గారు మాట తప్పే మనిషి కారు. దాన్నే ఫస్టు అర్జీగా తీసుకున్నారు. జనవరిలో జవాబు వచ్చింది. శౌరమ్మ గంప దించి, మెట్ల మీద కూర్చుని, "సదవండి" అంది.

"'తమ విన్నపము పరిశీలించబడినది. శ్మశానవాటికల ఆవరణలో తినుబండారముల విక్రయము నిషిద్ధము. కావున తోసిపుచ్చడమైనది.'"

ఆమె రోడ్డు అవతలికి చూసింది. మూల బెంచీ మీద సుద్ద రాత సగం చెరిగిపోయింది. తుడిచేస్తానన్న మనిషి తుడవలేదు, నేనూ గుర్తు చేయలేదు.

"ఆయన్ని తీసెయ్యమని ఏమన్నా రాశారాండీ?"

కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను. "లేదమ్మా. శ్మశానంలో ఉన్నవాళ్ళను ఖాళీ చేయించే రూలు లేదు."

"పోన్లెండి" అంది శౌరమ్మ, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ. "ఆయనకన్నా దొరికింది జాగా. ఈసారి రంగుతో రాయండి, వానకి పోకుండా."