మినుముల బజారు బుల్లిదైన రోజు

ఆ ఉదయం వెంకటకృష్ణారావు వేసుకున్న పథకం సాదాసీదాది. కాఫీ తాగడం, బెజవాడ వన్‌టౌన్‌లో కొట్టు తెరవడం, గోడౌన్‌లోని మినుముల జోలికి మాత్రం పోకపోవడం. నిరుడు తొందరపడి అమ్మి చేతులు కాల్చుకున్నాడు. ఈ ఏడూ దెబ్బతింటే కొట్టు మూసేసి, మైలవరంలో బావమరిది దగ్గర గుమాస్తాగా చేరాల్సిందే. ఆ ఊహకే ఆయనకు కాలు ఒకచోట నిలవడం లేదు.

కొట్టు తెరిచీ తెరవగానే మద్రాసులో బ్రోకరు దగ్గర పనిచేస్తున్న మేనల్లుడు చలపతి ట్రంకాల్ చేశాడు.

"మావయ్యా, మినుముల మార్కెట్ బాగా బుల్లిష్‌గా ఉంది!"

అంతే, లైను తెగిపోయింది. వెంకటకృష్ణారావు నీరుగారిపోయాడు. ఇంగ్లీషు రాదని ఒప్పుకునే మనిషి కాదాయన. బుల్లి అంటే చిన్నది. చివర 'ష్' అన్నాడంటే నోరు మూసుకోమని. మార్కెట్ చిన్నదైపోతోంది, గుట్టుగా అమ్మేసుకోమంటున్నాడు కుర్రాడు!

వెంటనే బళ్లు కట్టించి, ఆ పూట ధరకే సరుకంతా మిల్లుకు తోలించేశాడు.

"ఏంటండీ, పొద్దున్నే ఈ హడావిడి?" అన్నాడు పక్కకొట్టు హనుమయ్య.

"అబ్బే, ఏం లేదండీ. గోడౌన్ కడిగిద్దామని."

గోడౌన్ కడగడానికి మినుములన్నీ అమ్ముకునేవాడు ఉంటాడా? హనుమయ్యకు అనుమానం వచ్చింది. ఆయనా తన సరుకు అమ్మకానికి పెట్టాడు. ఆయన్ని చూసి వీధి వీధంతా పెట్టింది. ఎందుకమ్ముతున్నామో ఎవరికీ తెలియదు, అడిగితే చిన్నతనం. మధ్యాహ్నానికి ధర పాతాళానికి పోయింది, కొనేవాడు లేడు.

అప్పుడు మళ్లీ ఫోను మోగింది.

"మావయ్యా, బెజవాడ ఒక్కసారిగా బేరిష్ అయిపోయిందటగా! ఏం జరుగుతోందక్కడ?"

మళ్లీ లైను తెగింది. ఈసారి ఆయనకు ఆలోచనే అవసరం లేకపోయింది. బేరం! బేరాలు ఊపందుకున్నాయి, తనొక్కడే ఖాళీ గోడౌన్‌తో మిగిలిపోయాడు! జారుతున్న పైపంచె పట్టుకుని హనుమయ్య కొట్లోకి పరిగెత్తాడు.

"మీ మినుములన్నీ నాకిచ్చేయండి!"

"అన్నీనా?" అని హనుమయ్య, ఈయన మనసు మారకముందే తూకం వేయించేశాడు. మిగతా కొట్లవాళ్లూ క్యూ కట్టారు.

క్యారేజీ తెచ్చిన భార్య మాణిక్యమ్మ నిండిపోయిన గోడౌన్ చూసి నోరు నొక్కుకుంది.

"పొద్దున అమ్మడమేంటి, ఇప్పుడు కొనడమేంటండీ? మైలవరానికి పెట్టె సర్దనా?"

మర్నాడు తెల్లవారేసరికి మద్రాసు లారీలు దిగాయి. అక్కడ గిరాకీ ఇంకా పెరుగుతూనే ఉందట; ఎంతకైనా సరే, మినుములు కావాలన్నారు. వీధిలో సరుకున్న గోడౌన్ వెంకటకృష్ణారావుదొక్కటే. హనుమయ్య వచ్చి దణ్ణం పెట్టి మరీ వెళ్లాడు.

మద్రాసు మెయిలు రైల్లో దిగిన చలపతి ఆనందం పట్టలేకపోయాడు.

"ధర ఉండగా అమ్మి, పడగానే కొన్నారే! ఎలా కనిపెట్టారు మావయ్యా?"

"నువ్వే చెప్పావుగదరా!"

"నేనా? బుల్లిష్ అంటే ధర పెరుగుతుందని, బేరిష్ అంటే పడిపోతుందని కదా నేను చెప్పింది!"

వెంకటకృష్ణారావు ఆ రెండు మాటల అర్థాలనూ పదిసార్లు అనుకుని కంఠస్థం చేశాడు.

అర్థాలు తెలిశాక ఆయన చేసిన బేరాల్లో ఒక్కటీ లాభించలేదు.