ఫౌల్ చెప్పుకునే ఆడపడుచు

మా ఆడపడుచుకు బొత్తిగా బతకడం తెలియదు! స్నూకర్‌లో ఏడుసార్లు చాంపియన్ అయింది కానీ, తప్పు చేసి తప్పించుకోవడం మాత్రం ఇప్పటికీ రాలేదు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాయి. ఇంకెప్పుడు నేర్చుకుంటుంది?

నన్నడిగితే, తప్పు ఒప్పుకోకపోవడాన్ని మించిన గృహశాంతి లేదు. డిగ్రీలో నేను చదివింది తర్కశాస్త్రం. ఆ చదువంతా ఇందుకే ఖర్చుపెట్టాను. పాలు పొంగితే గిన్నె చిన్నది. కూర మాడితే స్టవ్‌కు బుద్ధి లేదు. మా ఆయన తాళాలు పోగొడితే, తాళాలకు కాళ్లొచ్చాయి. మా అత్తగారు కళ్లజోడు మీద కూర్చుంటే, దాన్ని కుర్చీలో పెట్టినవాళ్లది తప్పు. పెట్టింది ఎవరని మాత్రం ఎవరూ ఆరా తీయరు. అందుకే మా కాపురం చెక్కు చెదరలేదు!

ఇలాంటి ఇంట్లో ఈ పిల్ల ఎలా పుట్టిందో! స్నూకర్‌లో ఒక పద్ధతి ఉందట. గురి చూసేటప్పుడు చెయ్యో చొక్కానో బంతికి తగిలితే ఫౌల్. రిఫరీ చూడకపోయినా సరే, ఆడేవాళ్లే లేచి చెప్పేయాలట! దొంగే పోలీసు ఇంటికెళ్లి తలుపు తట్టడమన్నమాట. చోద్యం కాకపోతే ఏమిటండీ?

ఆమె ఆటను మేం చిన్నచూపు చూశామని అనుకునేరు. ఎంత మాట! గెలిచిన కప్పుల్లో పెద్దది గొడుగులకు ఇచ్చాం. తర్వాతి దానిలో మా ఇంటి దువ్వెనలన్నీ ఉంటాయి. స్టిక్ పెట్టుకునే పొడవాటి పెట్టె చూసి కింది వాటా ఆవిడ "మీ ఆడపడుచు ఏం వాయిస్తుందండీ?" అని అడిగితే, విడమరచి చెప్పే ఓపిక లేక "క్లారినెట్" అనేశాను. వాళ్లబ్బాయి పెళ్లికి ఖాళీగా ఉంటుందా అని ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

పొద్దున్నే ఆరింటికి క్లబ్బుకు వెళ్లి, మగవాళ్లు వచ్చి బల్ల ఖాళీ చెయ్యమనేలోగా ఆడుకుని, అటునుంచి అటే ఆఫీసుకు పోతుంది. "ఒక్క ఫైనల్‌కైనా రా వదినా" అని పద్నాలుగేళ్లుగా పిలుస్తోంది. సరిగ్గా ఫైనల్ రోజే నాకు బీరువా సర్దుకునే పని పడుతోంది! ఈసారి బీరువా ముందే సర్దేసి ఉండటంతో వెళ్లక తప్పలేదు. ఇది గెలిస్తే ప్రపంచ పోటీలకు వెళ్లే జట్టులో చోటు ఖాయమట.

హాల్లో పక్కసీటాయన గుటక వేస్తే నాకు వినబడింది. అంత నిశ్శబ్దం! ఆఖరి ఆట. తెల్ల బంతి కాక బల్ల మీద మిగిలినవి మూడే: నీలం, గులాబీ, నలుపు. మా పిల్ల గులాబీ బంతి మీదుగా వంగి నీలానికి గురిపెట్టింది. స్టిక్ వెనక్కి లాగింది. అప్పుడు ఫోన్ మోగింది.

ఎవరిదంటారా? నా బ్యాగులోదే. చక్కెర డబ్బా ఎక్కడుందని మా ఆయన!

వెంటనే నా తర్కశాస్త్రం ఆదుకుంది. బ్యాగును ఒళ్లో నొక్కిపెట్టి, వెనక్కి తిరిగి, వెనక వరుసలోని పెద్దాయనను కళ్లతోనే కాల్చేశాను. పాపం, ఆయన సిగ్గుపడిపోయి, జేబులో ఫోన్ తీసి ఆపేశాడు!

మా పిల్ల ఉలిక్కిపడినట్టుంది. మెల్లగా నిటారుగా నిలబడి, "ఫౌలండీ. నా చొక్కా చెయ్యి గులాబీకి తగిలింది" అంది. రిఫరీ తెల్లబోయాడు. ఎదుటి అమ్మాయి కూడా చూడలేదట. ఆరు పాయింట్లు అటు పోయాయి. వాటి వెనకే ఆట, కప్పు కూడా.

ఇంటికొచ్చాక పంచాయితీ మొదలైంది.

"ఎవరూ చూడలేదు కదే! నీకెందుకే అంత నోరు?" అన్నారు అత్తగారు.

"నేను చూశాను కదమ్మా."

"సత్యసంధుడి చెల్లెలు బయల్దేరింది!" అన్నారు మా ఆయన, ఆ అన్న తానేనన్న సంగతి మరిచిపోయి.

"ఆ ఫోన్ ఎవరిదో గానీ, ఇంగితం లేని మనిషి" అన్నాను నేను.

ఆమె నా వంక ఒక్క క్షణం చూసింది. "పోనీలే వదినా, ఎవరిదైనా మోగుతుంది" అంది.

చూశారా ఎంత సౌకర్యమో! తప్పు ఒప్పుకునే మనిషి ఇంటికి ఒక్కరుంటే చాలు, మిగతా అందరి తప్పులూ ఆ నెత్తిన పెట్టేసి హాయిగా నిద్రపోవచ్చు. ఇంతటి వరం ఎన్ని ఇళ్లకు దొరుకుతుంది?

రెండు రోజులకు స్నూకర్ సంఘం సెక్రటరీగారు ఫోన్ చేశారు. ఆమె స్పీకర్‌లో పెట్టింది. "ఏమీ అనుకోకమ్మా. నీ చేతికి మునుపటి నిలకడ లేదంటోంది కమిటీ. వయసు కూడా చూడాలి కదా. ఈసారి జట్టులో చిన్నవాళ్లను తీసుకుందామని..."

ఏడుసార్లు గెలిచినప్పుడు అదృష్టమన్నారు. ఒక్కసారి చొక్కా తగిలితే వయసట! అదే క్లబ్బులో అరవై దాటిన బొజ్జాయన బల్లనే గుద్దేసినా, దాన్ని అనుభవం అంటారు.

"ఫోన్ సంగతి చెప్పవే!" అని సైగ చేశాను.

ఆమె స్పీకర్‌ను చేత్తో మూసింది. "తగిలింది నా చెయ్యే కదా వదినా" అని, మళ్లీ ఫోన్‌లో "ఫౌల్ నాదే సార్. మీ ఇష్టం" అంది. గొంతు మామూలుగానే ఉంది. చూపు మాత్రం గోడ వైపు తిప్పుకుంది.

నా తర్కశాస్త్రంలో దీనికి జవాబు లేదండీ. వెతికాను. లేదు.

"ఇలా ఇవ్వు" అని ఫోన్ లాక్కున్నాను. "సార్, నేను వాళ్ల వదినను. తను కొట్టబోతుంటే మోగింది నా ఫోన్. ఆ మోతకే ఉలిక్కిపడింది. చేతిలో నిలకడ తగ్గడమూ కాదు, వయసూ కాదు."

"ఈ మాట కమిటీ ముందుకొచ్చి చెప్పగలరా అమ్మా?"

మా ఆయన నోరు తెరిచి నన్నే చూస్తున్నారు. అత్తగారు కళ్లజోడు సవరించుకున్నారు.

"వస్తాను సార్. ఫోన్ ఇంట్లో పెట్టి మరీ వస్తాను. తప్పు నాది."