సంతకం మాత్రం ఉస్తాద్ గారిది

కంప్యూటర్ సైన్సు మాస్టర్స్‌లో సీటు ఎవరికి వస్తుందో ఆ సీటిచ్చే యూనివర్సిటీకైనా మార్చి దాకా తెలియదు గానీ, ఇరాన్‌లోని తబ్రీజ్ నగరంలో విదేశీ సీట్ల సలహాలు చెప్పే ఫరామర్జ్ గారికి మాత్రం అక్టోబరులోనే తెలిసిపోతుంది! అదీ శాతాల్లో! ఆయనకు అనుభవం లేదనడానికి వీల్లేదు. వరసగా నాలుగేళ్లు, మూడు ఖండాల్లో, ఆయనకు ఎక్కడా సీటు రాలేదు.

తర్లాన్ బిక్కుబిక్కుమంటూ ఆయన ముందు కూర్చుంది. ఈ ఏడు సీటు రాకపోతే మేనమామ కొట్లో తివాచీలు పరిచి చుట్టే పనేనని ఇంట్లో తేల్చేశారు.

"సగటు మార్కులు?" అన్నాడు ఫరామర్జ్, చక్కెర పలుకు పంటికింద పెట్టుకుని టీ పీలుస్తూ.

"ఇరవైకి పదహారున్నరండీ."

"అయ్యో తల్లీ! అచ్చయిన పరిశోధన పత్రాలు?"

"లేవండీ."

ఆయన కళ్లు మూసుకున్నాడు. లెక్క ఆకాశం నుంచి దిగాలి కాబోలు.

"నాలుగు శాతం! మీ కాలేజీ ప్రొఫెసరు నఖ్జవానీ ఉస్తాద్ సిఫారసు లేఖ ఉంటే ముప్పై ఎనిమిది. 'నా పాతికేళ్ల సర్వీసులో ఇలాంటి విద్యార్థిని చూడలేదు' అన్న వాక్యం తప్పకుండా పడాలి. ఈ ఏడు ముప్పై మంది చేత అదే రాయించాను."

"ముప్పై మందికీ అదేనా?"

"ఆయన అసలు ఏ ఒక్కరినీ చూసి ఉండడు కదమ్మా! అబద్ధమెక్కడుంది?"

తర్లాన్ వెళ్లి అడిగితే ఉస్తాద్ కాగితాల్లోంచి తలెత్తకుండానే ఒప్పుకున్నాడు. "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెట్టేస్తా. నీ కలమేమిటి, నా కలమేమిటి!" ఆ కాలేజీలో సిఫారసు లేఖలన్నీ అలాగే పుడతాయి.

రాద్దామని కూర్చుంటే తర్లాన్‌కు చెయ్యాడలేదు. ఎవరైనా మెచ్చుకుంటే 'అందం మీ కళ్లలో ఉందండీ' అని తిప్పికొట్టడం నేర్పిన ఇల్లు వాళ్లది. తనను తానే ఎలా పొగుడుకుంటుంది? సిగ్గుతో చచ్చిపోయి, చివరికి ఉస్తాద్ మాటగా జరిగిందే రాసింది: "ఈమె చురుకైనదేమీ కాదు. మూడో ఏట ఒక ప్రోగ్రాము ఆడకపోతే తొమ్మిది రోజులు దాని వెంటపడింది. తప్పు నేనిచ్చిన ప్రశ్నలోనే ఉందని తేల్చింది. నిజమే, తప్పు నాదే."

ఉస్తాద్ ఫోన్లో మాట్లాడుతూనే సంతకం గీకేశాడు. నకలు చదివిన ఫరామర్జ్ మాత్రం నెత్తి బాదుకున్నాడు.

"నీ పొట్ట నువ్వే కొట్టుకున్నావు కదే! సున్నా! ఇక ఆ తివాచీలే గతి!"

మార్చిలో యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది.

"నఖ్జవానీ గారి నుంచి మాకు ముప్పై ఒక్క లేఖలు అందాయి. వాటిలో ఆయన స్వయంగా రాసింది మీ లేఖ ఒక్కటేనని మా ఎంపిక సంఘం నిర్ధారించింది. తన తప్పు తానే ఒప్పుకున్న గురువు మాట మీద మీకు సీటిస్తున్నాం."

తర్లాన్ వేసిన కేకకు ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చారు. కబురు విని వచ్చిన ఫరామర్జ్ వెంటనే గొంతు సవరించుకున్నాడు. "నాలుగు శాతమని నేను ముందే చెప్పానా లేదా? ఆ నాలుగూ ఈ అమ్మాయే!"

కాలేజీ సభ పెట్టింది. బాదం బిస్కెట్లు పంచారు. మిగతా ముప్పై మంది వెనక వరసలో కూర్చుని వాటిని కసిగా నమిలారు. ఉస్తాద్ గంటసేపు మాట్లాడాడు.

"ఇలాంటి లేఖ రాయడం చిన్న పనా? గురువనేవాడు శిష్యుల్ని కన్నబిడ్డల్లా ఎరిగి ఉండాలి! ఈ అమ్మాయి పడ్డ ప్రతి కష్టమూ నా కళ్లతో నేను చూశాను!"

చప్పట్లు మోగాయి. తన పుస్తకం ఒకటి బహుమతిగా ఇద్దామని ఉస్తాద్ మొదటి పేజీ తెరిచాడు. 'ప్రియ శిష్యురాలు' అని రాసి ఆగిపోయాడు. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి మెల్లగా అడిగాడు:

"ఇంతకీ నీ పేరేమిటమ్మా?"