గేటు పట్టని పంజా

శనివారం పొద్దున్నే లేచి, కాఫీ తాగి, పట్నం వెళ్ళి లోడరు బండికి తగిలించే ఇనప పంజా ఒకటి కొనుక్కొచ్చి, చీకటి పడేలోగా బెర్నడెట్ కోవాల్ గారి పెరట్లో కొట్టిపడేసిన మేపుల్ చెట్టు దుంగల్ని బయటికి చేరవెయ్యాలని వెర్నన్ టెష్కే అనుకున్నాడు. అనుకున్నవాటిలో కాఫీ తాగడం ఒక్కటే సజావుగా జరిగింది.

విస్కాన్సిన్‌లో ఎల్క్ హాలో అనే చిన్న ఊళ్లో వెర్నన్ చెట్లు కొట్టే వ్యాపారం చేస్తాడు. అతనికి ఒక బుల్లి లోడరు ఉంది. వెనకాల పలక మీద నిలబడి నడపాలి. ఇళ్ల పక్క సందుల్లోంచి, పెరటి గేట్లలోంచి పిల్లిలా దూరిపోతుంది. దాని గొప్పంతా అదే. ఇన్నాళ్లూ ముందు రెండు ఇనప చువ్వలు తగిలించి దాంతోనే దుంగలు మోశాడు. సగం దుంగలు దారిలోనే దొర్లిపోయేవి. ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు పట్టించుకునే మనిషి తగిలింది. మొన్నటి గాలివానకి ఊరి శ్మశానంలో చెట్లన్నీ విరిగి సమాధుల మీద పడ్డాయి. వాటిని తీసే పనికి పోటీ ఇద్దరే: వెర్నన్, ఊరికి అవతలి కొసనుండే ఆర్డెన్ లిండాల్. శ్మశాన సంఘానికి అధ్యక్షురాలు బెర్నడెట్ గారు. ఆవిడ పెరట్లో పని చూసి మెచ్చితే ఏడాది పొడుగునా వెర్నన్‌కి తిండికి ఢోకా లేదు. మెచ్చకపోతే, ఆర్డెన్ ట్రక్కు శ్మశానంలోకి వెళ్తూ వస్తూ ఉంటే వెర్నన్ తన కిటికీలోంచి చూస్తూ కూచోవాలి. రెండోదే అతనికి ఎక్కువ భయం.

"గేటు వెడల్పు కొలిచావా?" అని భార్య మార్లిస్ సాసేజీలు పళ్లెంలో వేస్తూ అడిగింది.

"ముప్ఫయ్యేళ్లుగా చూస్తున్న గేటు. దాన్ని కొలవాలా?"

"ముప్ఫయ్యేళ్లుగా నీ నడుం కూడా చూసుకుంటున్నావు. మొన్న కొన్న ప్యాంటు పట్టిందా?"

వెర్నన్ సాసేజీ పూర్తి చెయ్యకుండానే లేచిపోయాడు. మార్లిస్ తమ్ముడు డెల్ అప్పటికే ట్రక్కులో కూచుని ఉన్నాడు. డెల్ బావ దగ్గరే పని చేస్తాడు. నోట్లో మాట ఉంటుంది కానీ అది బయటికొచ్చేలోగా బావ ఇంకెక్కడికో వెళ్ళిపోతాడు.

పట్నం కొట్లో కర్ట్ అనే అమ్మకందారు ఓపిగ్గా అడిగాడు. "ఎక్కువగా ఏం మోస్తావు? దుంగలా, కొమ్మలా?"

"అన్నీ."

"దుంగలకైతే ఇదిగో, ఈ చిన్నది. రెండే కోరలు, గుండ్రంగా తిరుగుతుంది, తేలిక. కొమ్మల మోపులకైతే వెడల్పాటివి ఉన్నాయి. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. నీ బండి ఎత్తగలిగే బరువులోంచి పంజా బరువు తీసెయ్యాలి. పంజాయే బరువైతే ఇక దుంగని ఎవడెత్తుతాడు? రోజంతా పంజానే ఎత్తుకు తిరగాలి."

వెర్నన్ ఈ మాటలన్నీ విన్నాడు, చర్చిలో ప్రసంగం విన్నట్టు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "ఆర్డెన్ వచ్చాడా?"

"నిన్ననే వచ్చాడుగా. అదిగో, ఆ మూలనున్న దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. నిలబడి…"

కర్ట్ మాట పూర్తి కాలేదు. వెర్నన్ మూలకి వెళ్ళిపోయాడు. అక్కడ ఎర్ర రంగు వేసిన ఒక పంజా నోరు తెరుచుకుని ఉంది. ఇద్దరు పడుకునే మంచమంత వెడల్పు, మొసలికున్నట్టు పళ్లు.

"ఇదే," అన్నాడు వెర్నన్.

"అది నీ బండికి తగులుకోవడమైతే తగులుకుంటుంది కానీ…"

"తగులుకుంటుందన్నావుగా. ట్రక్కులో పెట్టించు."

దారిలో డెల్ వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. "బావా, ఇది మన బండి కంటే వెడల్పుగా లేదూ?"

"సింహం మొహం కూడా ఒంటి కంటే వెడల్పే."

డెల్ సింహాన్ని ఎప్పుడూ దగ్గరగా చూడలేదు కాబట్టి ఊరుకున్నాడు.

బెర్నడెట్ గారి వాకిట్లో లోడరుని దింపి, పంజా తగిలించారు. పంజాని తెరిచి మూసే నూనె గొట్టాలు రెండు, వాటికి కన్నాలు రెండు. తప్పు చెయ్యడానికి అంతకు మించి వీలు లేదు. ఉన్న ఆ కాస్త వీలునీ వెర్నన్ వాడుకున్నాడు. బిగించడం అవగానే డెల్‌ని బండెక్కించి తను ముందు నడిచాడు. పక్క సందులోని గేటు దగ్గర బండి ఆగిపోయింది. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్న సామెత డెల్ మొహంలో స్పష్టంగా కనిపించింది.

"గేటు ఊడదీద్దాం. సాయంత్రం మళ్ళీ పెట్టేద్దాం," అన్నాడు వెర్నన్.

గేటు ఊడదీశారు. పట్టలేదు. గుంజ పీకారు. ఆ గుంజకి ఇంటి చూరు నీళ్ల గొట్టం మేకులతో కొట్టి ఉందని పీకాక తెలిసింది. గొట్టం సగం వంగి గాల్లో వేలాడింది. బెర్నడెట్ గారు వెనక వరండాలోంచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. భారీ మనిషి. శ్మశానంలో ఎవరికి ఎక్కడ చోటివ్వాలో నిర్ణయించీ నిర్ణయించీ ఆవిడ చూపులో ఒక రకమైన కొలత వచ్చేసింది.

"కంగారు పడకండి మేడం," అన్నాడు వెర్నన్. "మా పంజా కాస్త పెద్దది. ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు."

"ఎందుకు లేదో తెలుస్తూనే ఉంది," అంది ఆవిడ.

లోపలికెళ్ళాక డెల్ లివరు అటూ ఇటూ తిప్పి చూశాడు. తెరవబోతే మూసుకుంది, మూయబోతే తెరుచుకుంది. గొట్టాలు తారుమారయ్యాయని అర్థమైంది. దానికి తగ్గట్టే తిరగేసి నొక్కి, అన్నిటికంటే లావుపాటి దుంగని పట్టించి, చెబుదామని నోరు తెరిచాడు. "బావా, ఒక్క మాట. ఈ లివరు…"

"దిగు దిగు. ఆవిడ చూస్తోంది. ఎత్తడం నేను ఎత్తుతా."

వెర్నన్ ఎత్తాడు. దుంగ లేవలేదు, బండి వెనక భాగం లేచింది. పలక మీదున్న వెర్నన్ కూడా దాంతోపాటే లేచి, పక్కింటి పెరట్లో ఏముందో చూడగలిగేంత ఎత్తుకి వెళ్ళాడు. అక్కడ కంచె అవతల, పోటీవాడి పని ఎలా సాగుతోందో చూడ్డానికి వచ్చి ఆర్డెన్ లిండాల్ నిలబడి ఉన్నాడు, చేతిలో జున్ను ముక్కల పొట్లంతో.

"డెల్! వెనక్కి ఎక్కు! బరువెయ్యి!"

డెల్ ఎగిరి పలక మీద పడ్డాడు. బండి కాస్త దిగి ఆగింది. డెల్ బక్కమనిషి.

వెర్నన్‌కి ఆ క్షణంలో బుద్ధి ఏమయిందో అతనే చెప్పలేడు. "మేడం, మీరు కూడా ఒక్కసారి ఇలా వచ్చి నిలబడితే…"

"నా బరువు మీద నీకంత నమ్మకమా టెష్కే?" అంది బెర్నడెట్ గారు, కదలకుండా.

పోనీ దుంగని వదిలేద్దామని వెర్నన్ లివరుని తెరిచే వైపు నొక్కాడు. పంజా ఇంకా గట్టిగా బిగిసింది. ఇంకా గట్టిగా నొక్కాడు. దుంగ పెళపెళమంది. కంగారులో రెండో వైపుకి లాగేశాడు. పంజా ఒక్కసారిగా నోరు తెరిచింది. దుంగ దభీమని కిందపడింది, బండి వెనక భాగం అంతకంటే దభీమని నేల మీదికి వచ్చింది. డెల్ ఎగిరి పూలపాదులో పడ్డాడు. వెర్నన్ ముందుకి తూలి, నడిపే పిడి మీద పొట్ట ఆనించాడు. బండి ఆ పొట్టనే ఆజ్ఞగా తీసుకుంది. నోరు తెరుచుకున్న పంజాతో పెరటి మూలకి పరిగెత్తింది.

ఆ మూల ఒక చేప ఉంది. నిజం చేప కాదు, ఫైబరుది. బెర్నడెట్ గారి భర్త రోలండ్, మూతపడ్డ ఒక సారాయి కొట్టు మీదినుంచి తెచ్చి స్తంభం మీద నిలబెట్టుకున్నాడు. ట్రక్కంత పొడుగు, పచ్చటి రంగు, బయట పెట్టిన నాలుక. కళ్లలో దీపాలు కూడా ఉన్నాయి. రోలండ్‌కి అది ప్రాణం.

"తెరువు బావా, తెరువు అంటే మూసుకుంటుంది!" అని డెల్ పూలపాదులోంచి ఎట్టకేలకు మాట పూర్తి చేశాడు.

వెర్నన్‌కి "తెరువు" ఒక్కటే వినిపించింది. తెరిచే వైపు నొక్కాడు. పంజా మూసుకుంది. చేప నడుం దగ్గర రెండుగా విరిగి, తల పంజాలోనూ తోక స్తంభం మీదా మిగిలాయి. తీగలు ఎక్కడో తగులుకుని కళ్లు ఒకసారి వెలిగి ఆరిపోయాయి. డెల్ టోపీ తీశాడు.

ఆర్డెన్ కంచె మీద వాలి నవ్వుతున్నాడు. "ఆ పంజా కొన్నది నువ్వా వెర్నన్? నిన్న కర్ట్ కొట్లో దాని ముందు నిలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. ఏ పిచ్చివాడు కొంటాడా అనుకుని, చిన్నది తీసుకుని వచ్చేశాను."

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, వెర్నన్‌కి అప్పుడు నిజంగా నొప్పి తెలిసింది. బెర్నడెట్ గారి వైపు తిరిగాడు. ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికెళ్ళాడు.

"మేడం, నన్ను క్షమించండి. అతికించి ఇస్తాను."

ఆవిడ చేతులు తీసింది. నవ్వాపుకోలేక మొహం కందగడ్డలా ఉంది. "అతికిస్తే చంపేస్తాను," అంది మెల్లగా.

సరిగ్గా అప్పుడే రోలండ్ ట్రక్కు వాకిట్లో ఆగింది. చెరువులో చేపలు పట్టబోయి వట్టి చేతులతో వచ్చిన మనిషి, పెరట్లోకి వచ్చి పంజాలో ఉన్న తలని చూశాడు.

"టెష్కే!" అని బెర్నడెట్ గారు ఊరంతా వినేలా అరిచింది. "నీకు కళ్లున్నాయా? నా మొగుడు ప్రాణంగా చూసుకునేదాన్ని పొట్టన పెట్టుకుంటావా?" ఆ వెంటనే, పెదవులు కదిలీ కదలకుండా అంది. "తల దించుకో. ఇంకాస్త."

వెర్నన్ దించుకున్నాడు.

"శ్మశానంలో నిన్ను అడుగు పెట్టనివ్వను!" అని మళ్ళీ అరిచి, మళ్ళీ గొంతు తగ్గించింది. "తోక ఇంకా స్తంభం మీదే ఉంది. పోతూ పోతూ దాన్ని కూడా పట్టుకుపో. ఆయన మంచినీళ్లు తాగడానికి లోపలికెళ్తాడు, అప్పుడు."

రోలండ్ నిజంగానే లోపలికెళ్ళాడు. మంచినీళ్లు తాగాడో ఇంకేం తాగాడో తెలీదు. వెర్నన్ లివరుని తిరగేసి నొక్కడం అప్పటికి నేర్చుకున్నాడు. తోక సుతారంగా వచ్చింది.

సోమవారం సంఘం కూడి శ్మశానం పని ఆర్డెన్‌కి ఇచ్చింది. బెర్నడెట్ గారు స్వయంగా వచ్చి చెప్పింది. "ఏమీ అనుకోకు టెష్కే. అక్కడ సమాధి రాళ్ల మధ్య పని. చచ్చినవాళ్ల జోలికి నువ్వు రాకు. బతికున్నవాళ్ల సంగతి చూసుకో."

ఆ చివరి మాట వెర్నన్‌కి అర్థం కాలేదు. ఆవిడ వెళ్ళిన కాసేపటికే ఫోను మోగింది. చర్చిలో పాటలు పాడే వాళ్లలో ఒకావిడ.

"మా ఆయన శుక్రవారం వేటకి వెళ్తున్నాడు. పెరట్లో ఒక కుళ్లిపోయిన పడవ ఉంది, పదేళ్లుగా బాగుచేస్తానంటున్నాడు. దాని పక్కనే ఒక చెట్టుంది. నువ్వు ఆ చెట్టు దగ్గరికి పని మీద రావాలి. ఆ పెద్ద పంజాతోనే రావాలి."

ఇంకో ఆవిడది చక్రాల్లేని ట్రాక్టరు. మరొకావిడది మంచు మీద చేపలు పట్టే గుడిసె. అందరూ చెట్టు గురించే మొదలుపెట్టారు. మార్లిస్ ఫోను ఎత్తీ ఎత్తీ అలిసిపోయి, "సరిగ్గా నడపొద్దు, పాత పద్ధతిలోనే నడపమంటున్నారు," అని మొగుడికి చెప్పింది. డెల్ గొట్టాలు సరిచేస్తానంటే వెర్నన్ వద్దన్నాడు.

ఆ వేసవంతా ఎల్క్ హాలోలో చెట్లు మాత్రం ఎంతో క్షేమంగా ఉన్నాయి.