డ్రైవరుగారి నిద్ర పరీక్ష

ఉద్యోగం చేసే ప్రతి మనిషికీ ఒక్కసారైనా నిద్ర పరీక్ష చేయించాలి. జబ్బు ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి. జీతమిచ్చేవాడు "వెళ్లి పడుకో" అని సంతకం పెట్టి మరీ పంపించే భాగ్యం ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి?

నమ్మకపోతే మా వీధి చివర ఉండే సిటీ బస్సు డ్రైవరుగారి సంగతి వినండి. పదకొండేళ్లుగా ఆయనది తెల్లవారుజాము డ్యూటీ. మధ్యాహ్నం బండి దిగగానే, ఎవరో ఒకరు రాలేదని మేనేజరు ఇంకో రెండు ట్రిప్పులు అంటగట్టేవాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే, చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా కన్ను మూతపడేది. ఇక గురకంటారా? కిటికీ అద్దాలు వణికేవి. ఆయన ఇల్లాలు పిల్లల్ని తీసుకుని వంటింట్లో పక్క వేసుకునేది.

ఒకరోజు ఎర్ర లైటు పచ్చగా మారినా బస్సు కదల్లేదు. వెనక హారన్ల మోత. కండక్టరు వచ్చి చూస్తే, ఆయన స్టీరింగు మీద గడ్డం ఆనించి నిద్రపోతున్నాడు.

"అన్నా, లే. జనం దిగిపోతున్నారు."

లేచాడు గానీ, ఆ రోజంతా ఆయనకి ఒకటే ఆలోచన. ఈ కునుకు నడుస్తున్న బండిలో పట్టి ఉంటే? వెనక నలభై మంది!

మేనేజరుకీ భయం వేసింది, బస్సు ఏమవుతుందోనని. గురక పెట్టేవాళ్లకి నిద్రలో ఊపిరి ఆగే జబ్బుంటుందట, స్లీప్ ఆప్నియా అంటారట అని ఎక్కడో విని, కంపెనీ ఖర్చు మీద ఆస్పత్రికి పంపాడు.

అక్కడ నర్సమ్మ తలకీ ఛాతీకీ కాళ్లకీ ఇరవై వైర్లు అతికించింది. వేలికి క్లిప్పు, ముక్కుకి గొట్టం. ఇంత అలంకారంతో చాలామందికి నిద్ర పట్టదు, కంగారు పడొద్దని ధైర్యం చెప్పబోయింది. ఆ మాట పూర్తయ్యేలోపే గురక మొదలైంది. పొద్దున ఏడింటికి ఇద్దరు కలిసి కుదిపితే గానీ ఆయన లేవలేదు.

డాక్టరమ్మ రిపోర్టు తిరగేసి, ఊపిరి ఎక్కడా ఆగలేదంది. డ్రైవరుగారి మొహం వాడిపోయింది. జబ్బు లేదంటే దిగులు పడే మనిషిని ఆవిడ ఎన్నడూ చూడలేదు కాబోలు, ఏమిటని అడిగింది.

"ఏదో ఒక చిన్న జబ్బు రాయండమ్మా. రోజూ పడుకోమని రాస్తే చాలు."

ఆవిడ కలం తీసింది. "మీకు జబ్బు లేదండీ. నిద్రే లేదు" అంది. జబ్బు లేదు, రోజుకు ఏడు గంటల నిద్ర తప్పనిసరి, అదనపు డ్యూటీలు వేయరాదు అని రాసి, కింద గీత కూడా గీసింది.

మేనేజరు కళ్లజోడు పెట్టుకుని కాగితం శ్రద్ధగా చదివాడు, 'జబ్బు లేదు' అన్నంతవరకు. లేచి వచ్చి డ్రైవరుగారి చెయ్యి పట్టుకుని ఊపాడు.

"చాలా సంతోషం. ఇవాళ్టి నుంచి ఆఖరి ట్రిప్పు కూడా నువ్వే వేసుకో."

కాబట్టి, ఆ రూట్లో తిరిగే పాఠకులారా, నిశ్చింతగా ఎక్కండి. డ్రైవరుకి ఏ జబ్బూ లేదన్న కాగితం మేనేజరు సొరుగులో భద్రంగా ఉంది.