అగ్గిపెట్టెల డబ్బా

రాయగడ జిల్లాలో ఇకమీదట అగ్నిప్రమాదమనే మాట వినబడదని మన్మథరావుగారు 1998 మార్చి మొదటి సోమవారంనాడు విలేకరులను పిలిచి ప్రకటించారు. తూర్పు కొండల వైద్య సామగ్రి సహకార సంఘానికి ఆయన చైర్మన్. అంతకు ముందు ఉప్పూ పప్పూ టోకు వర్తకం. ప్రజాసేవ మీద మోజు పుట్టి, కొట్టు తమ్ముడికి అప్పగించి ఇటు వచ్చారు. "పదో తారీఖు నుంచి మండే ద్రవాల భద్రతా వారోత్సవం. భువనేశ్వర్ నుంచి ఉపమంత్రిగారు వస్తున్నారు. సరిగ్గా పది గంటల ముప్పై అయిదు నిమిషాలకు మా స్పిరిట్ గోడౌన్లో, డ్రమ్ముల మధ్య, తమ స్వహస్తాలతో జ్యోతి ప్రజ్వలన చేస్తారు" అన్నారు. విలేకరులు రాసుకున్నారు. జీడిపప్పు ఉప్మా బాగా కుదరడం వల్ల ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

వచ్చింది ఒక్క పెద్దబ్బాయికే. అతను ఆ గోడౌన్‌కి స్టోర్‌కీపరు. జిల్లా విడిపోకముందు నుంచీ, అంటే ఇరవై రెండేళ్ళుగా, తాళంచెవి అతని మొలతాడుకే ఉంది. లోపలుండేది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఇంజెక్షనుకు ముందు జబ్బకి చల్లగా రాసేది అదే. విశాఖపట్నం నుంచి లారీలో డ్రమ్ములొస్తే, సీసాల్లోకి పోసి బిస్సమ్ కటక్, కల్యాణసింగ్‌పూర్ ఆసుపత్రులకు పంపిస్తారు. గుమ్మం పక్కన పెద్దబ్బాయి ఒక పాత బిస్కట్ల డబ్బా పెట్టాడు. లోపలికి వెళ్ళేవాడు కళాసీ అయినా, డాక్టరైనా, అగ్గిపెట్టె అందులో వేసి మరీ వెళ్ళాలి. ఒకసారి ఆడిటరుగారి సిగరెట్ లైటరు కూడా అందులో పడింది. ఆడిటరుగారు ఆ సంగతి రిపోర్టులో రాసుకున్నారు.

అతని పట్టుదలకు కారణం లక్ష్మణ. ఇద్దరూ ఒకే రోజు పనిలో చేరారు. రెండో ఏడు లక్ష్మణ డ్రమ్ములోంచి స్పిరిట్ పోస్తుంటే, పది బారల అవతల ఎవరో టీ కోసం స్టౌ వెలిగించారు. మంట అక్కణ్ణుంచి నేల పట్టుకుని వచ్చింది. లక్ష్మణ పదకొండు రోజులు బతికాడు. ఆ పదకొండు రోజులూ పెద్దబ్బాయి అతని మంచం పక్కనే ఉన్నాడు. ఆ సంగతి ఎవరడిగినా చెప్పడు, డబ్బా చూపిస్తాడు.

మర్నాడే చైర్మన్‌గారి గదికి వెళ్ళి నిలబడ్డాడు.

"బాబూ, గోడౌన్లో దీపం వద్దు బాబూ."

"దీపం ఎలిగించకుండా సబ ఎక్కడైనా మొదలవుద్దేటి పెద్దబ్బాయ్?"

"పోనీ వరండాలో ఎలిగించండి."

"వరండాలో ఎనకాల గోడ పడతాది. ఫోటోలో గోడుంటే బద్రత ఎలాగ తెలుస్తాది? డ్రమ్ములు పడాల."

"అయితే డ్రమ్ములే బయటికి దొర్లించేద్దుం."

"స్టాకు కదపాలంటే బువనేస్వర్ పర్మిసన్ గావాల. మూడు నెలలు పడతాది."

"అలాగైతే దీపమే మానేద్దుం బాబూ."

"మానడానికీ పర్మిసనే. ప్రోగ్రాం ఆల్లు అప్రూవ్ సేసేసేరు."

పెద్దబ్బాయి చేతులు కట్టుకున్నాడు. "దీని ఆవిరి గాల్లోకి పోదు బాబూ. బరువు. నేలమ్మట పాకుతాది. మన కంటికి అవుపడదు. నిప్పు ఎక్కడుందో ఎతుక్కుంటా ఎల్తాది. దొరికిందా, అదే దారిని ఎనక్కొచ్చి డ్రమ్ముని అందుకుంటాది."

మన్మథరావుగారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆయన హృదయం కదిలింది. గుమస్తాని పిలిచి, "ఈ ముక్క బాగుంది. మంత్రిగారి ప్రసంగంలో ఏయించు" అన్నారు.

భద్రత విషయంలో ఆయన ఏ లోటూ చెయ్యలేదని ఒప్పుకోవాలి. కొత్త ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి తెప్పించారు. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, రిబ్బను కట్టించారు. ఆ రిబ్బను మంత్రిగారు కత్తిరించాలి కాబట్టి, అందాకా ఎవరూ ముట్టుకోకుండా తన గదిలో పెట్టి తాళం వేయించారు.

ఇక చెప్పి లాభం లేదనుకున్న పెద్దబ్బాయి ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు కళాసీలను పిలిపించాడు. గోడౌన్లో ఉన్న ఆరు డ్రమ్ములనూ ఆవరణ చివరనున్న సైకిల్ షెడ్డులోకి చేర్పించాడు. షెడ్డుకి పైన రేకులే కాని చుట్టూ గోడల్లేవు, గాలి ఆడుతుంది. మీద టార్పాలిన్ కప్పాడు. తరవాత ఆరు ఖాళీ డ్రమ్ములు తీశాడు. ఖాళీది నిండుదానికంటె ప్రమాదం, కడుపునిండా ఆవిరే ఉంటుంది. అందుకని ఒక్కొక్కటీ మూడేసిసార్లు కడిగించి, బోరింగు నీళ్ళతో నింపించి, చీటీ ముందుకి కనబడేలా గోడౌన్లో నిలబెట్టాడు. చీటీల మీద 'ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మండును' అని అలాగే ఉంది. ఆ రాత్రి వారం రోజుల తరవాత అతనికి నిద్ర పట్టింది.

పదో తారీఖున ఉపమంత్రిగారు ముహూర్తానికి గంట మాత్రమే ఆలస్యంగా వచ్చారు. గుమ్మం దగ్గర పెద్దబ్బాయి డబ్బా చాపితే చైర్మన్‌గారు మోచేత్తో పక్కకి తోశారు. లోపల నిలువెత్తు ఇత్తడి కుందె, అయిదు వత్తులు, పళ్ళెంలో కర్పూరం. మంత్రిగారు అయిదు వత్తులూ వెలిగించారు. ఫోటోలు తీశారు. ఏమీ కాలేదు.

"ఆవిరి నేలమ్మట పాకుతుంది, నిప్పును వెతుక్కుంటూ వెళుతుంది" అని మంత్రిగారు ఒడియాలో చదివారు. చదివి, కాగితం మడిచి, దీపాన్నీ డ్రమ్ములనూ చూశారు. "కాని మన్మథరావుగారి ఏర్పాట్లు చూసి అది కూడా భయపడినట్టుంది" అన్నారు. చప్పట్లు మోగాయి. నీళ్ళ డ్రమ్ములు చూసి పెద్దబ్బాయి కూడా కొట్టాడు.

ఆ చప్పట్లలోనే కిటికీలోంచి బయటికి చూశాడు. మంత్రిగారి భోజనానికి కోళ్ళు కోసేశారు. వంటమనిషి బుల్లమ్మ, నీడ ఉంది కదా అని, సైకిల్ షెడ్డు పక్కనే మూడు రాళ్ళు పేర్చింది. కట్టెలు పెట్టింది. పెద్దబ్బాయి పరుగెత్తాడు, కాని గుమ్మం నిండా కార్యకర్తలు. దారి దొరక్క వెనక్కి తిరిగి, మైకు ముందుకే వచ్చాడు.

"ఆగ్యా, మంత్రిబాబూ, పొయ్యి ఆపించండి. అసలు స్పిరిట్ ఆ షెడ్డులో ఉంది. ఇవి నీళ్ళు."

మన్మథరావుగారు నవ్వు చెదరనివ్వలేదు. "డ్రమ్ము మీద ఏటి రాసుంది పెద్దబ్బాయ్?"

"ఆల్కహాల్ అని రాసుంది బాబూ."

"రాత అబద్దమా?"

"రాత నిజమే బాబూ. లోపల నీళ్ళు."

ఇంక మాటల్తో పని కాదనుకున్నాడు. మంత్రిగారి బల్ల మీద స్టీలు గ్లాసు అందుకుని, డ్రమ్ము మూత తిప్పి, వంచి నింపాడు. అందరూ చూస్తుండగా గటగటా తాగేశాడు. మళ్ళీ నింపి మంత్రిగారికి చాపాడు.

మంత్రిగారు రెండడుగులు వెనక్కి వేశారు. "నా ఎదుటే తాగుతున్నాడా?" అన్నారు.

పెద్దబ్బాయి అక్కడికక్కడే సస్పెండయ్యాడు. అతన్ని ఆసుపత్రిలో పరీక్షకని జీపు ఎక్కిస్తుంటే మెడ తిప్పి షెడ్డు వైపు చూశాడు. పొయ్యిలో కట్టెలు తడిసి ఉన్నాయి. బుల్లమ్మ ఖాళీ బిందె పట్టుకుని నిలబడి ఉంది. అగ్గిపుల్ల గీయబోతూ ఆమె వాసన పట్టింది. సంఘం వంటకి వచ్చిన పదేళ్ళుగా, గోడౌన్ గుమ్మం దాటిన ప్రతిసారీ ఆ డబ్బాలో అగ్గిపెట్టె వేసిన మనిషి, ఇంకొకర్ని అడగలేదు.

మంత్రిగారు అరటిపండు తిని రైలెక్కారు. వంట చెయ్యనందుకు బుల్లమ్మను మానిపించారు. పెద్దబ్బాయి నోట్లోగాని రక్తంలోగాని ఆల్కహాల్ లేదని డాక్టరు రాసిచ్చాడు. మన్మథరావుగారు ఆ కాగితం చూసి, "అది తొందరగా ఆవిరైపోయే ద్రవమని మొన్న వారోత్సవంలోనే నేర్చుకున్నాం గదా" అన్నారు. సైకిల్ షెడ్డు గురించి పెద్దబ్బాయి మూడు అర్జీలు పెట్టుకున్నాడు. స్టాకు గోడౌన్లోనే ఉన్నట్టు ఫైల్లో ఉంది కాబట్టి, షెడ్డులో ఏమీ లేదని జవాబు వచ్చింది. తాగుబోతుల బెడద లేకుండా గోడౌన్‌కి ఒక కానిస్టేబులును కాపలా వేశారు. చైర్మన్‌గారికి నిప్పురహిత సేవా పతకం వచ్చింది.

కాపలా వేసిన నాలుగో రోజు ఎండ మండిపోతోంది. గోడౌన్ కాపలా కానిస్టేబులు నీడ వెతుక్కుంటూ సైకిల్ షెడ్డు దగ్గరికి వచ్చి, చెవి మీది బీడీ నోట్లో పెట్టుకున్నాడు. ముక్కు కింద ఒక బిస్కట్ల డబ్బా ప్రత్యక్షమైంది.

"ఎవరు నువ్వు?"

"సస్పెండైనోన్ని బాబూ."

"ఇక్కడేం పని?"

"పనేటీ నేదు. రోజూ ఒచ్చి కూకుంటన్నాను."

కానిస్టేబులు టార్పాలిన్ వైపు చూశాడు. "దానికింద ఏముంది?"

"కాయితం పెకారం అయితే ఏటీ నేదు బాబూ."

కానిస్టేబులు ఒకసారి గాలి పీల్చాడు. బీడీ మళ్ళీ చెవి మీద పెట్టుకుని, జేబులోంచి అగ్గిపెట్టె తీసి డబ్బాలో వేశాడు. అందులో అప్పటికే బుల్లమ్మ అగ్గిపెట్టె ఉంది.